పర్లాకిమిడిలో ఉండగా దాటిపోయిన 90 రోజుల గడువు

నేను బ్యాంకాక్‌లో ఏడాది వీసా ఎక్స్‌టెన్షన్ మీద ఉంటున్నాను. అక్కడ మనలాంటి విదేశీయులు ప్రతి 90 రోజులకూ ఇమిగ్రేషన్‌కి అడ్రస్ చెప్పాలి. ఫారం పేరు టీఎం 47. తర్వాతి తేదీ రాసిన చీటీని పాస్‌పోర్ట్‌లో పిన్ కొట్టి ఇస్తారు.

మే నెలలో చెల్లి పెళ్లికి పర్లాకిమిడి వచ్చాను. ఓ రాత్రి చీటీ చూస్తే గడువు మర్నాడే! ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో రెండుసార్లు పెట్టాను, రెండూ రిజెక్ట్. లేటయితే 2,000 బాత్ ఫైన్. ఒకసారి కట్టినవాణ్ణే, అందుకే టెన్షన్. "ఏట్రా, పెళ్లింట్లో ఆ మొహమేటి?" అంది అమ్మ.

బ్యాంకాక్‌లో ఉన్న శ్రీకాకుళం అన్నయ్యకి ఫోన్ చేస్తే నవ్వాడు. "నువ్వు దేశంలోనే లేవు, ఇంకేం రిపోర్ట్‌రా? బయటికి వచ్చావంటే పాత లెక్క పోయినట్టే. రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నావా, అది చెప్పు."

తీసుకున్నాను, సింగిల్, అంటే ఒక్కసారి బయటికి వెళ్లి రావడానికి, 1,000 బాత్. అది లేకుండా బయల్దేరి ఉంటే ఎక్స్‌టెన్షనే రద్దయ్యేది. నేను భయపడాల్సింది దానికి, చీటీకి కాదు.

జూన్ 5న తిరిగి దిగాను. ఎంట్రీ స్టాంప్ పడిన రోజే ఒకటో రోజు, ఆ లెక్కన 90వది సెప్టెంబర్ 2. ఆఫీసుకి స్వయంగా వెళ్తే 15 రోజుల ముందు నుంచి, గడువు తర్వాత 7 రోజుల దాకా తీసుకుంటారు. తన ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని ఇంటి ఓనర్ ఇమిగ్రేషన్‌కి పెట్టాల్సిన టీఎం 30 ఫారం కూడా ఆయన వెంటపడి పెట్టించాను. పాత చీటీ పీకేశాను, పిన్ను వేలికి గుచ్చుకుంది.