దాన్సోన్‌లో శాస్త్రీయ బాణీ, జాజ్ సోలో కలపడం ఎలా

క్యూబా నాట్య సంగీతంలో పాశ్చాత్య శాస్త్రీయ బాణీనీ జాజ్‌నీ కలపాలనుకుంటే దాన్సోన్‌తో మొదలుపెట్టండి. 1879లో మాతాన్సాస్‌లో మిగేల్ ఫాయిల్దే జనంలోకి తెచ్చిన ఈ రూపంలో రెండింటికీ చోటుంది. ముందు పసేయో అనే 8 బార్ల (తాళంలో ఒక్కో ఆవర్తనం ఒక బార్) పల్లవి, రెండుసార్లు. అది మోగుతున్నంతసేపూ నాట్యం చేసేవాళ్లు ఆగి నిలబడతారు. తర్వాత ఫ్లూట్ భాగం, మళ్లీ పసేయో, ఆపైన వయొలిన్ భాగం. ఆపెరా బాణీలను తెచ్చి ఈ భాగాల్లో పెట్టుకోవడం దాన్సోన్ బృందాలకు పాత అలవాటు. 1930ల చివర్లో ఒరెస్తెస్ లోపెస్, ఆయన తమ్ముడు కచావో చివర చేర్చిన ఊపు భాగం జాజ్ సోలోకి చక్కగా సరిపోతుంది.

ముందు క్లావే, అంటే రెండు కర్రలతో కొట్టే లయ వరస. రెండు 4/4 బార్లను 16 మాత్రలుగా (బీట్‌కి రెండు, బార్‌కి 8) లెక్కపెట్టి 1, 4, 7, 11, 13 మీద కొట్టండి. మొదటి బార్‌లో మూడు దెబ్బలు, రెండోదానిలో రెండు. ఇది 3-2 సోన్ క్లావే. బార్లు తారుమారైతే 2-3. పాట మొదలైతే ఈ వరస ఆగదు, మధ్యలో తిరగబడదు. కర్రలు ఎవరూ పట్టుకోకపోయినా అందరి మనసులోనూ నడుస్తూనే ఉండాలి.

శాస్త్రీయ బాణీలో బరువంతా ప్రతి బార్‌లోనూ 1, 5 మాత్రల మీద పడుతుంది. దాన్ని అలాగే వాయిస్తే కింద డప్పులు ఒక పాటా పైన వయొలిన్లు ఇంకో పాటా వాయిస్తున్నట్టుంటుంది. మూడు దెబ్బల బార్‌లో 5 మీది స్వరాన్ని 4కి జరపండి. రెండు దెబ్బల బార్‌ను మాత్రం ముట్టుకోకండి, అక్కడ స్వరాలు బీట్ మీదే ఉంటే బాగుంటుంది. అన్నీ ముందుకు జరిపితే బాణీకి కాళ్లు ఉండవు. 5, 7 బార్ల వాక్యాలు పెద్ద ప్రమాదం: తర్వాతి వాక్యం క్లావేకి అవతలి వైపు మొదలవుతుంది. చివరి స్వరాన్ని ఇంకో బార్ పొడిగిస్తే సర్దుకుంటుంది. మలుపు కావాలనే అనుకుంటే ఆ తర్వాతి వాక్యంలో జరిపిన స్వరాలన్నీ మళ్లీ చూసుకోవాలి.

చివరి భాగానికి సి మైనర్, ఎఫ్ మైనర్, జి7, సి మైనర్, ఒక్కో బార్‌కి ఒక్కటి తీసుకోండి. బేస్ వాయించే తుంబావ్ అనే వరస ప్రతి బార్‌లోనూ 4, 7 మాత్రల మీదే పడుతుంది. మొదటి బీట్ ఖాళీ. మొదటి బార్‌లో 4 మీద జి, 7 మీద ఎఫ్. అంటే తర్వాతి కార్డ్ మూలస్వరం ఒక బీట్ ముందే వచ్చేస్తుంది. రెండో బార్‌లో సి, తర్వాత జి. మూడో దానిలో డి, తర్వాత సి. జాజ్ బేసిస్టులకు మొదటి బీట్ వదలడం చేతకాక, ప్రతి బీట్ మీదా ఒక స్వరం వేసే నడక బేస్‌లోకి జారిపోతుంటారు. ఆ క్షణంలోనే నాట్యం చేసేవాళ్ల అడుగు తప్పుతుంది.

పియానోలో పదేపదే తిరిగే మోంతూనో వరసను రెండు చేతులతో ఆక్టేవ్‌లలో వాయించాలి. జి7 మీద బి, ఎఫ్ స్వరాలు చాలు. ఫ్లాట్ 9 అయిన ఎ ఫ్లాట్‌ను సాక్సఫోన్‌కి వదిలేయండి. పియానోలో కుక్కితే వరస మసకబారుతుంది. 1940ల్లో న్యూయార్క్‌లో మారియో బౌసా సంగీత దర్శకత్వంలో మచీతో బృందం చేసింది కూడా ఇలాంటి పని విభజనే: లయ క్యూబాది, పైన ఊదే వాద్యాల కార్డులు జాజ్‌వి.

జాజ్‌లో మాత్రలను ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వాయించే స్వింగ్ మాత్రం వద్దు. మాత్రలన్నీ సమానంగా ఉండాలి. స్వింగ్ చేస్తే 4, 8 మాత్రలు ఆలస్యమవుతాయి. చేతులతో వాయించే డప్పు కాంగా మీద తెరిచిన దెబ్బలు 7, 8 మీద పడతాయి కాబట్టి అక్కడే గజిబిజి మొదలవుతుంది. సోలో వాయించేవాళ్లు బీబాప్ అనే జాజ్ శైలి స్వరాలు ఎన్ని వాడినా ఇబ్బంది లేదు, సమంగా వాయిస్తే చాలు. వయొలిన్లు ఈ భాగంలో విబ్రాటో (స్వరాన్ని వణికించడం) మానేసి, విల్లు మధ్యభాగంతో పొట్టిగా, గట్టిగా లాగాలి. పొడుగు విల్లుతో స్వరం నెమ్మదిగా ఉబ్బి, దెబ్బ దాటాక వినిపిస్తుంది.

మధ్యలో అచ్చమైన జాజ్ స్వింగ్ కావాలంటే 16 బార్లు ఇవ్వండి, 15 కాదు. ఆ సేపంతా ఒకరు నోటితో క్లావే లెక్కపెడుతూ ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు ముందు కాంగా, బేస్ రావాలి, రెండు బార్ల తర్వాతే పియానో.