డార్క్ మ్యాటర్ వేట – 4వ పాఠం: ఏ వాయువు నింపాలి?

డార్క్ మ్యాటర్ అంటే వెలుగు ఇవ్వని, ఇంకా నేరుగా పట్టుబడని పదార్థం. దాని కణం వాయువు నింపిన గోళంలోకి వచ్చి ఒక కేంద్రకాన్ని గుద్దితే, ఆ దెబ్బను పట్టుకోవడమే మన వేట. అలా దెబ్బ తిన్న కేంద్రకం పక్క అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఎలా ఊడగొడుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

డార్క్ మ్యాటర్ కణం ద్రవ్యరాశి ‘క’, వాయువు కేంద్రకం ద్రవ్యరాశి ‘ద’ అనుకుందాం. నేరుగా గుద్దితే కేంద్రకానికి చేరే శక్తి వాటా:

4 × క × ద ÷ (క + ద)²

క్యారమ్స్ ఆడినవాళ్లకు ఇది చేతికి తెలిసిన విషయమే: రెండు బిళ్లలూ సమానమైతే కొట్టింది ఆగిపోతుంది, తగిలింది దూసుకుపోతుంది.

క = 1 జీఈవీ తీసుకోండి, ఇంచుమించు ఒక ప్రోటాన్ అంత. (జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ వోల్టు కణాల శక్తికి చిన్న కొలమానం, వాటి ద్రవ్యరాశినీ దీంతోనే చెబుతారు.) సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 500 ఎలక్ట్రాన్ వోల్టులు.

హైడ్రోజన్ (ద = 0.94): వాటా దాదాపు మొత్తం, 500.
నియాన్ (18.8): 0.19, అంటే 96.
జెనాన్ (122): 0.03, అంటే 16.

జెనాన్ వాయువులో ఒక్క ఎలక్ట్రాన్ ఊడటానికే సగటున 22 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కావాలి. టన్నులకొద్దీ జెనాన్ పోసినా ఇంత తేలిక కణం ఇలా గుద్దితే కనిపించడం కష్టం. పైగా ఇవి గరిష్ఠ విలువలు. పక్కకు తగిలితే ఇంకా తక్కువ. అందిన శక్తిలోనూ కొంతే ఎలక్ట్రాన్లుగా మారుతుంది, మిగతాది వేడి అయిపోతుంది. కొత్తవాళ్లు ఈ కోత మర్చిపోయి సంబరపడతారు!

వాయువు నింపిన గోళాలతో డార్క్ మ్యాటర్‌ను వెతికే న్యూస్-జి బృందం మీథేన్ వైపు వెళ్లింది ఇందుకే. ఒక్కో అణువులో నాలుగు హైడ్రోజన్‌లు. 2019లో ఆల్ప్స్ కొండల కింద మోదాన్ ప్రయోగశాలలో, 140 సెంటీమీటర్ల రాగి గోళంలో 135 మిల్లీబార్ల మీథేన్ నింపి పరీక్షించారు. ఆ గోళమే తర్వాత కెనడాలోని స్నోలాబ్‌కు, 2 కిలోమీటర్ల లోతుకు చేరింది. గోళం నడిమధ్య చిన్న ఆనోడ్ (ఎలక్ట్రాన్లను లాగే ధన ధ్రువం) ఉంటుంది. దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం ఎంత బలంగా ఉంటుందంటే, అక్కడికి చేరిన ఒక్క ఎలక్ట్రాన్ కూడా వేల ఎలక్ట్రాన్లుగా పెరిగి సిగ్నల్ ఇస్తుంది. అందుకే పదుల ఎలక్ట్రాన్ వోల్టుల లెక్క ఇక్కడ వృథా కాదు.

అభ్యాసం: హీలియానికి (3.73) మీరే వేయండి. 333 దగ్గర రావాలి. తర్వాత క = 50 పెట్టి, శక్తి 25,000గా తీసుకుని హైడ్రోజన్, నియాన్, జెనాన్ మూడింటికీ మళ్లీ వేయండి. వరుస తిరగబడుతుంది, జెనాన్ 20 వేలు దాటుతుంది. ఎందుకో ఒక్క వాక్యంలో రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో సిగ్నల్ ఆకారం చూసి, అది గోళం గోడ దగ్గర పుట్టిందో లోపల పుట్టిందో గుర్తుపడదాం.