తప్పు ఒప్పుకోవడం: ఎవరి దగ్గర, ఎంతవరకు, ఎలా

ప్రార్థనలో బాగా ఏడ్చాం, మనసు తేలికైంది, ఇక అయిపోయింది అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా సంఘంలో ఒక అన్న గురించి నిజం కాని మాట ఒకటి అన్నాను, అది నలుగురి నోళ్లలో పడింది. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు దేవుణ్ణి క్షమించమని అడిగానో లెక్కలేదు కానీ, నాకు రెండు వరసల ముందు కూర్చునే ఆ అన్నను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. బైబిల్లో మారుమనస్సు అని మనం చదివే చోట గ్రీకులో ఉన్న మాట మెటనోయియా, అంటే మనసు మారడం. కన్నీళ్లు వస్తే రావచ్చు, రాకపోయినా ఫర్వాలేదు, కానీ నడిచే దారి మారాలి.

ముందు పాపాన్ని దాని పేరుతో చెప్పండి. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అనేది ఎవరైనా చెయ్యగలిగే ప్రార్థన. "అబద్ధం చెప్పాను, ఆయన మీద అసూయతో చెప్పాను" అనడమే కష్టం. ఇశ్రాయేలు రాజులు సౌలు, దావీదు ఇద్దరూ "పాపం చేశాను" అన్నవాళ్లే. సౌలు మాత్రం జనానికి భయపడి చేశానన్నాడు, పైగా పెద్దల ముందు నా పరువు నిలబెట్టమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు (1 సమూయేలు 15). నాతాను ప్రవక్త వచ్చి నిలదీస్తే దావీదు ఒక్క సాకు కూడా చెప్పలేదు. మీ ఒప్పుకోలులో "కానీ" అనే మాట వస్తే అక్కడే ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పండి.

ఎవరి దగ్గర ఒప్పుకోవాలి? పాపం ఎంతవరకు పాకిందో అంతవరకు. మనసులో మెదిలిన దురాలోచనను అది ఎవరి గురించో ఆ మనిషికి వెళ్లి చెప్పి ఆయన నిద్ర చెడగొట్టక్కర్లేదు, దేవుని దగ్గర చాలు. ఒకరిని గాయపరిస్తే ఆ ఒక్కరి దగ్గరికే వెళ్లాలి, బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసైనా ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). అందరి ముందు చేసినదైతే అందరి ముందే. అలవాటుగా మారి వదలని పాపమైతే నమ్మకమైన ఒక విశ్వాసికో, పాస్టర్ గారికో చెప్పి కలిసి ప్రార్థించండి, యాకోబు 5:16 చెప్పేది అదే. కథోలిక సంఘంలో దీనికి పాపసంకీర్తనం ఉంది, అక్కడ విన్నది గురువు ఎవరికీ, ఎప్పుడూ చెప్పకూడదు. ఆ నియమం లేని సంఘాల్లో కూడా, ఒకరు మీ దగ్గర ఒప్పుకున్నది "ఫలానా ఆయన కోసం ప్రార్థించండి" అంటూ బయటికి పొక్కించడం ద్రోహమే.

తర్వాత, పోగొట్టింది తిరిగివ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు కడతానన్నాడు. మోషే ధర్మశాస్త్రం అసలు మొత్తానికి ఐదో వంతు కలిపి ఇమ్మంది (సంఖ్యాకాండం 5:7). డబ్బైతే డబ్బు. పోయింది పేరైతే, ఆ మాట ఎవరెవరితో అన్నామో వాళ్ల దగ్గరికే వెళ్లి "నేను చెప్పింది అబద్ధం" అనాలి. నేను ఆరుగురి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, ఆరోసారి కూడా మొదటిసారంత కష్టంగానే ఉంది.

తప్పు చేసింది మీరు కాదు, మీ సహోదరుడు అయితే? మత్తయి 18:15-17లో వరస ఉంది: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘానికి. మనం దాన్ని తలకిందులు చేస్తాం, అందరికీ తెలిశాక చివర్లో ఆయనకు తెలుస్తుంది. అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. పిల్లల మీద అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం లాంటివాటికి ఈ వరస వాడకండి. దెబ్బతిన్నవాళ్లను ఒంటరిగా ఆ మనిషి ఎదుటికి పంపకూడదు, ముందు వాళ్లను కాపాడాలి, పోలీసులకు చెప్పాలి. "క్షమించేశాం కదా" అని నేరాన్ని దాచడం క్షమాపణ కాదు. మారానని చెప్పినా ఆ మనిషిని మళ్లీ పిల్లల మధ్యకు పంపకూడదు, కానుకల డబ్బు వాడుకున్నవాళ్ల చేతికి మళ్లీ ఆ లెక్కలు ఇవ్వకూడదు. క్షమాపణ వేరు, బాధ్యత అప్పగించడం వేరు.

ఇక ఒప్పుకున్న మనిషిని సంఘం ఏం చేస్తుంది? నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. యేసును అప్పగించిన యూదా కూడా, అందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి, పాపం చేశానని యాజకుల ముందు చెప్పాడు. వాళ్లు "దానితో మాకేమి" అన్నారు. తర్వాత అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. కొరింథులో శిక్షకు గురైన మనిషి గురించి పౌలు, ఇక చాలు, క్షమించి ఓదార్చండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడని రాశాడు (2 కొరింథీయులకు 2:6-8). కాబట్టి ఒప్పుకున్న వారం ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, మధ్యలో ఒకసారి ఫోన్ చెయ్యండి, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే వెంటనే వెళ్లి పక్కన ఉండండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాతి ఆదివారం ఆయన వెనక వరసలో కూర్చుంటే, మీరూ వెళ్లి ఆ పక్క కుర్చీలో కూర్చోండి.