హోమ్‌స్కూలింగ్‌కి పుస్తకాలు, పీడీఎఫ్‌లు, వీడియోలు: ఎక్కడ వెతకాలి, ఇంట్లో ఎలా సర్దుకోవాలి

మా పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి ఏడు, మూడేళ్ళ నుంచి ఇద్దరికీ ఇంట్లోనే చదువు. చుట్టాలింట్లో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ముందు "బడి ఎందుకు మాన్పించారు" అని అందరూ కలిసి ఒకసారి వాయిస్తారు, భోజనాలయ్యాక పిల్లలున్న ఆడవాళ్ళు మెల్లగా పక్కకొచ్చి "మరి పుస్తకాలు ఎక్కడ తెస్తావు, రోజూ ఏం చెప్తావు" అని అడుగుతారు. మొదటిదానికి నా దగ్గర ఓపిక అయిపోయింది, రెండోదానికి మాత్రం ప్రతిసారీ అరగంట చెప్తుంటా, అదే ఇక్కడ రాసేస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మొదటి ఏడాది కనిపించిందల్లా కొన్నా, ఫ్రీ అన్నదల్లా డౌన్‌లోడ్ చేశా, ఒక ఆన్‌లైన్ కోర్సుకి ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేశా, మా పిల్ల దాన్ని చూసింది సరిగ్గా పదకొండు రోజులు. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ అటక మీద పెట్టె దించితే కూడికలు తీసివేతల వర్క్‌బుక్‌లు ఐదు బయటపడ్డాయి, ఐదింట్లోనూ మొదటి నాలుగు పేజీలే నిండి ఉన్నాయి. మా ఆయన ఏమీ అనలేదు, అనుంటే బాగుండేది. ఈ రోజుల్లో సరుకు దొరకడం అసలు సమస్యే కాదండీ, పిల్ల "అమ్మా, చంద్రుడు పగలు కూడా ఎందుకు కనిపిస్తున్నాడు" అని అడిగిన ఆ నిమిషంలో, మన దగ్గరే ఉన్న ఆ పుస్తకం చేతికి తగలకపోవడం సమస్య.

కాబట్టి మొదటి పని, సబ్జెక్టుకి ఒక్కటంటే ఒక్క మెయిన్ బుక్ పెట్టుకోండి. మిగతావన్నీ దానికి చుట్టాలు, వస్తాయి పోతాయి. మెయిన్ బుక్ కోసం డబ్బులు పెట్టక్కర్లేదు, కేంద్రం తరఫున బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వాళ్ళ సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి, మన రెండు రాష్ట్రాల్లో అదే పని చేసే ఎస్‌సీఈఆర్‌టీల పుస్తకాలు కూడా అంతే. ఎన్‌సీఈఆర్‌టీవి ఇంగ్లిష్, హిందీ, ఉర్దూల్లోనే ఉంటాయి, తెలుగులో చదివించాలంటే స్టేట్ పుస్తకాలే దిక్కు, అవేం తక్కువవి కావు. ఈ మధ్య ప్రభుత్వ బడులకిచ్చే పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి కదా, ఇంట్లో చదివే పిల్లలకి అది భలే పనికొస్తుంది. మా పెద్దది పరిసరాల పాఠం తెలుగులో చదివేసి, అర్థమయ్యాక పక్క పేజీలో "కిరణజన్య సంయోగక్రియ"ని ఇంగ్లిష్‌లో ఏమంటారో తనే వెతుక్కుంటుంది. నేను ట్యూషన్ చెప్పినట్టు మాట మాటకీ అర్థం చెప్పక్కర్లేకుండా పోయింది.

ఆ పుస్తకాల్లో పాఠం మొదట్లో చిన్న క్యూఆర్ కోడ్ ఉంటుంది చూడండి, దాన్ని ప్రభుత్వం వాళ్ళ చదువుల యాప్ దీక్షాలో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోనో అభ్యాసమో వస్తుంది. దీక్షా 2017లో వచ్చింది, ఫ్రీ. అన్ని వీడియోలూ బాగుండవు, కొన్నయితే క్లాసులో బోర్డు ముందు నిలబెట్టి తీసినట్టే ఉంటాయి, అందుకే ముందు మీరు రెండు నిమిషాలు చూసి ఆ తర్వాత పిల్లలకి పెట్టండి.

ఇప్పుడు పీడీఎఫ్‌ల గోల. ఎన్‌సీఈఆర్‌టీ నుంచి ఒక్కో చాప్టర్ దించితే ఫైల్ పేరు "జెఈఎస్‌సీ101" అని వస్తుంది, చూస్తే ఏదో పాస్‌వర్డ్‌లా ఉంటుంది. అందులో లెక్క ఉంది. మొదటి అక్షరం తరగతి, ఏ అంటే ఒకటి, బీ అంటే రెండు, అలా లెక్కపెడితే జె పదో అక్షరం కాబట్టి పదో తరగతి. రెండోది మీడియం, ఈ అంటే ఇంగ్లిష్, హెచ్ అయితే హిందీ. ఎస్‌సీ అంటే సైన్స్, ఆ తర్వాత 1 పుస్తకం నంబరు, 01 మొదటి చాప్టర్. ఇది తెలియక నేను ఒకే పుస్తకం మూడుసార్లు దించా. తెలిసినా సరే, దించిన వెంటనే పేరు మార్చేయండి, "తర్వాత మారుద్దాంలే" అన్న ఫైలు ఇంకెప్పుడూ మారదు. నేను "5-లెక్కలు-03-భిన్నాలు" ఇలా పెడతా, తరగతి ముందు, తర్వాత సబ్జెక్టు, తర్వాత నంబరు. నంబరు తొమ్మిదిలోపు ఉంటే ముందు సున్నా తప్పకుండా పెట్టండి, లేకపోతే ఫోన్‌లో 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది. ఫోల్డర్లు మాత్రం పిల్లల పేరు మీద కాదు సబ్జెక్టు మీద పెట్టండి, ఎందుకంటే మూడేళ్ళ తర్వాత అదే ఫైలు చిన్నోడికి కావాలి.

కథల పుస్తకాలకి నాకు బాగా నచ్చింది స్టోరీవీవర్ అనే సైట్. ప్రథమ్ బుక్స్ వాళ్ళది, 2015లో మొదలుపెట్టారు, తెలుగు అని భాష ఎంచుకుంటే లెవెల్ 1 నుంచి 4 దాకా బొమ్మల కథలు వస్తాయి. లెవెల్ 1 అంటే పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు, 4 వచ్చేసరికి తనంతట తను చదువుకునే పిల్లలకి. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, లైసెన్సే అలాంటిది కాబట్టి దొంగతనం అన్న ఫీలింగ్ ఉండదు. స్క్రీన్ మీద చదివిన కథని మావాడు ఒక్కసారి చూసి వదిలేస్తాడు, అదే కథ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి పది కథలు కలిపి స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తే అన్నం తింటూ కూడా ముందు పెట్టుకుంటాడు, సాంబార్ మరకలతో సహా. కలర్ ప్రింట్ ఖర్చు అనుకుంటే నలుపు తెలుపులో తీయించి రంగులు వాళ్ళనే వేసుకోమనండి.

కొనే పుస్తకాల సంగతి క్లుప్తంగా. తెలుగులో పిల్లల పుస్తకాలంటే తార్నాకలో ఉన్న మంచి పుస్తకం వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం సిరీస్‌లోవి ముందు చూడండి, రెండూ మన జేబుకి అందే ధరల్లోనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌లో మూసి ఉన్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, అట్లాసులు, ఎన్‌సైక్లోపీడియాలు అక్కడ తీసుకోవాలి, బేరం ఆడాలి. పాత అట్లాస్‌లో తెలంగాణ విడిగా ఉండదు, మేం దాన్నే పాఠం చేసుకున్నాం, పిల్లలు పెన్సిల్‌తో గీత గీసి 2014 అని రాశారు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ, ఈ రెండింటికీ లిస్టు రాసుకోకుండా వెళ్ళకండి, లిస్టు లేకుండా వెళ్ళిన ఏడాది ఏమైందో అటక మీద పెట్టె చెప్తుంది.

సైన్స్‌కి అరవింద్ గుప్తా గారి సైట్ ఒక్కటి చాలు అనిపిస్తుంది నాకు, చెత్తతో బొమ్మలు చేసి సైన్స్ చెప్పే ఆయనే, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఉదాహరణకి అగ్గిపుల్లల ఆట. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబ్ అడిగితే ఇస్తారు, సన్నగా నల్లగా ఉంటుంది, దాన్ని ఒకటిన్నర సెంటీమీటర్ ముక్కలుగా కోసి రెండు వైపులా అగ్గిపుల్లలు దూర్చాలి, తలలు ముందే గీకేయాలి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కితే కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి మూల పట్టుకుని నొక్కితే పక్కకి వాలిపోతుంది. మా చిన్నోడు దాన్ని ఓ పది నిమిషాలు అటూ ఇటూ వాల్చి, ఇంకో పుల్ల తీసుకుని మధ్యలో అడ్డంగా పెట్టబోయాడు, పొడుగు చాలలేదు. "అమ్మా ఇది ఎందుకు చిన్నదైపోయింది" అన్నాడు. కర్ణం భుజం కంటే పొడుగ్గా ఉంటుందన్న విషయం వాడికి అలా తగిలింది, నేను నోరు కూడా తెరవలేదు. పెద్ద పిల్లలకైతే కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్స్ ఉన్నాయి, కరెంటు సర్క్యూట్లు, లోలకాలు అన్నీ తెర మీద కదిపి చూడొచ్చు, అవీ ఫ్రీనే.

ఇక సర్దడం. దీనికి మా ఇంట్లో ఉన్నది ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఒక గూడు, అట్టపెట్టెలు, అంతే. గూట్లో పిల్లల చేతికందే అరలో ఈ నెల వాడేవే ఉంటాయి, ఇద్దరికీ కలిపి పదిహేను దాటనివ్వను, కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి. మిగతావి అట్టపెట్టెల్లో వేసి, లోపల ఏమున్నాయో పెట్టె బయట స్కెచ్ పెన్‌తో రాస్తా. పైన కాదు పక్కన రాయండి, ఒకదాని మీద ఒకటి పెట్టాక పైన రాసింది కనపడదు. మొదట్లో నేను సబ్జెక్టుల వారీగా అందంగా లేబుల్స్ అంటించి ముప్ఫై పుస్తకాలు పేర్చా, చూడ్డానికి లైబ్రరీలా ఉంది, ఒక్కటి కూడా ఎవరూ తీయలేదు. అట్ట ముఖం కనపడేలా నాలుగు పుస్తకాలు గోడకి ఆనించి పెట్టిన రోజు నాలుగూ తీశారు.

నోట్‌బుక్‌లో మాత్రం సబ్జెక్టు వారీగా రాయకండి, విషయం వారీగా రాయండి. ఒక్కో విషయానికి ఒక పేజీ, దాని గురించి మన దగ్గర ఏముందో, ఎక్కడుందో. నా నోట్‌బుక్‌లో "మూసీ" పేజీ చూపిస్తా. అందులో పరిసరాల పుస్తకంలో నదుల పాఠం పేజీ నంబరు ఉంది, 3వ నంబరు అట్టపెట్టెలో ఉన్న హైదరాబాద్ మ్యాప్ ఉంది, ఒక వీడియో పేరు, పక్కన "6వ నిమిషం నుంచి చూడాలి" అని ఉంది (ఇది చాలా ముఖ్యం, నలభై నిమిషాల వీడియోలో మనకి కావాల్సింది మూడు నిమిషాలే ఉంటుంది). కింద "అఫ్జల్‌గంజ్ ట్రిప్" అని రాసుకున్నా. అక్కడ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది కదా, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, దాని దగ్గర్లోనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది, 1908 సెప్టెంబర్ వరదల్లో దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పక్కనే మూసీ. ఆ వరద మళ్ళీ రాకూడదనే తర్వాత గండిపేట జలాశయం కట్టారు, 1920లో పూర్తయింది, ఇంకో జలాశయం హిమాయత్‌సాగర్ 1927లో. ఒక్క పూటలో లైబ్రరీ, చెట్టు, నది అయిపోయాయి, ఇంకో ఆదివారం గండిపేట. చరిత్ర అనాలో భూగోళం అనాలో లెక్కలు అనాలో తెలియదు, 1908కి 1920కి మధ్య ఎన్నేళ్ళు అని చిన్నోడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు కాబట్టి లెక్కలు కూడా వేసుకోవచ్చు.

కొత్తది ఏది దొరికినా, వాట్సాప్‌లో ఎవరు పంపినా, ముందు నన్ను నేను అడిగేది "ఇది ఏ పేజీలోకి వెళ్తుంది" అని. ఏ పేజీలోకీ వెళ్ళకపోతే వదిలేస్తా, ఎంత బాగున్నా సరే. ఈ ఒక్క అలవాటుతో నా ఫోన్ స్టోరేజ్ సగం ఖాళీ అయింది. లింకుల కోసం వేరే యాప్‌లు చాలా ఉన్నాయి, నేను రెండు మూడు వాడి మానేశా, ఫోన్ తీస్తే లింకు బదులు ఇంకేదో చూస్తూ కూర్చుంటున్నా.

ఏడాదికి రెండుసార్లు, దసరాకీ ఉగాదికీ ముందు, మొత్తం బయటపడేస్తాం. అయిపోయినవి, వాళ్ళకి చిన్నవైపోయినవి తెలిసినవాళ్ళ పిల్లలకి, రాసేసినవి పాత పేపర్ల వాడికి. కాకపోతే పిల్లలు చేత్తో రాసినవాటిలో నెలకి రెండు మూడు కాగితాలు, తేదీ వేసి, విడిగా ఫైల్‌లో పెట్టండి. తాతగారు "అసలేమైనా నేర్చుకుంటున్నారా" అన్నప్పుడు తీసి చూపించడానికి అంతకంటే మంచిది లేదు.

అదే ఫైల్‌లో ముందు అరలో పరీక్షల కాగితాలు. పదో తరగతికి ఎక్కువమంది మనలాంటివాళ్ళు వెళ్ళేది ఎన్‌ఐఓఎస్‌కి, 1989 నుంచి ఉన్న జాతీయ ఓపెన్ స్కూల్. 14 ఏళ్ళు నిండాలి, కింది క్లాసుల సర్టిఫికెట్ లేకపోయినా చదవగలనని స్వీయ ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది, ఒకసారి చేరితే ఐదేళ్ళ టైమ్, అందులో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంటుంది. పాఠాల పీడీఎఫ్‌లు వాళ్ళ సైట్‌లోనే ఉన్నాయి, పన్నెండో ఏడు వచ్చాక దించి మీ పేజీల్లో చేర్చడం మొదలుపెడితే కంగారుండదు. తెలంగాణకి టాస్, ఆంధ్రాకి ఏపీఓఎస్ఎస్ అని రాష్ట్ర ఓపెన్ స్కూళ్ళు విడిగా ఉన్నాయి, తెలుగులో రాసేవాళ్ళు అవి కూడా చూడండి. ఇవన్నీ ఎలా ఉన్నా ఒక పని మాత్రం ఈ వారమే చేయండి, బర్త్ సర్టిఫికెట్, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం కలిపి చూడండి. మా పెద్దదానికి ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక ఉంది, అది సరిచేయించడానికి మీసేవకి నాలుగుసార్లు తిరిగా.