మగబిడ్డకు పాతకాలపు పేర్లలో ఒకటి ఎంచుకోవడం ఎలా

మగబిడ్డకు పెద్దల కాలం నాటి పేరే పెట్టాలని నిర్ణయించుకున్న ఇళ్లలో అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. తండ్రి వైపు తాతగారి పేరు ఒకటి, తల్లి వైపు తాతగారి పేరు ఒకటి, కాన్పుకు ముందు సింహాచలం కొండ మీద మొక్కుకున్న పేరు మరొకటి ముందుకు వస్తాయి. విశాఖపట్నంలో చాలామంది వీటిలో దేనినీ వదులుకోలేక అన్నింటినీ వరుసగా చేర్చి, ముందు ‘వెంకట’ కూడా పెట్టి, చివర ఒక కొత్త పేరు తగిలిస్తారు. ఆ పాత పేర్లన్నీ ఇంటిపేరు పక్కన పొడి అక్షరాలుగా మిగిలిపోతాయి, బిడ్డను పిలిచేది మాత్రం ఆ చివరి పేరుతోనే. పాత పేరు మీద నిజంగా మక్కువ ఉన్నవారు ఒక్కదానిని ఎంచుకుని, ఆ పేరుతోనే బిడ్డను పిలవాలని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా, చర్చలో ఉన్న ప్రతి పేరూ ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోవాలి. ఉత్తరాంధ్ర పేర్లకు ఊరూ, దేవుడూ స్పష్టంగా ఉంటాయి. అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, సింహాద్రి, సింహాచలం అనేవి వరాహ లక్ష్మీనృసింహస్వామి పేర్లు. పైడిరాజు విజయనగరం పైడితల్లమ్మ పేరు, నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ పేరు, కనకరాజు, కనకారావు బురుజుపేట కనకమహాలక్ష్మి పేర్లు. సూర్యనారాయణ అనగానే అరసవల్లి, సత్యనారాయణ అనగానే అన్నవరం గుర్తుకు వస్తాయి. ఈ పేర్లను పల్లెటూరి పేర్లని పక్కన పెట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది. 1862లో ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ పేరు కూడా అప్పారావే కదా.

పేరు వెనుక మొక్కు ఉంటే ఆలోచన అక్కడే చాలావరకు తేలిపోతుంది. ‘బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటాం’ అని దేవుడి ముందు అనుకున్న మాటను పొడి అక్షరంలో దాచిపెడితే ఇంట్లో పెద్దలకు ఆ వెలితి ఎన్నాళ్లయినా పోదు. మొక్కు లేనప్పుడు మాత్రం మిగిలిన పేర్లన్నింటినీ సమానంగా చూడవచ్చు. వరుసగా బిడ్డలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకుండా పెట్టిన పెంటయ్య, పిచ్చయ్య, పుల్లయ్య వంటి పేర్లు కూడా కొన్ని వంశాలలో వస్తాయి. వాటి వెనుక ఉన్న తల్లుల దుఃఖాన్ని గౌరవిస్తూనే, నేటి బిడ్డకు తరగతి గదిలో ఆ భారం వద్దని చెబుతాను.

తాతగారి పేరు పెట్టేటప్పుడు ముందుగా అడగవలసింది బిడ్డ తల్లిని. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదన్న ఆచారం ఇంకా పాటించే ఇళ్లు ఉన్నాయి. అటువంటి ఇంట్లో మనవడికి అచ్చంగా మామగారి పేరే పెడితే, రోజంతా బిడ్డతో గడిపే తల్లి వాడిని ‘బాబూ’ అనో ‘నాన్నా’ అనో పిలుస్తుంది, చివరకు ఊరంతటికీ అదే పేరవుతుంది. ఇందుకు మంచి ఉపాయం ఒకటి ఉంది. తాతగారిది ఏ దేవుడి పేరో ఆ దేవుడిదే మరొక పేరు తీసుకోవడం. సూర్యనారాయణగారి మనవడు భాస్కరం కావచ్చు, భానుమూర్తి కావచ్చు. వంశం గుర్తూ నిలుస్తుంది, తల్లికి పిలుపూ దొరుకుతుంది. తాతగారు జీవించి ఉంటే ఆయన మనసు కూడా కనుక్కోవాలి, ఎందుకంటే తాము ఉండగానే తమ పేరు మనవడికి పెట్టడం కొందరికి ఎంతో సంతోషం, కొందరికి ఇష్టం ఉండదు.

అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష పిలుపు. బారసాల పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో చేస్తారు కాబట్టి ఈలోగా కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఆ రోజులలో ఒక్కొక్క పేరును రెండేసి రోజులు ఇంట్లో అందరూ వాడి చూడాలి. అమ్మమ్మ బిడ్డకు నలుగు పెట్టి, చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నప్పుడు ఆమె నోట ఏ రూపం వస్తుందో జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఆ సమయంలో ఆమె పేరును ఆలోచించి పలకదు. అప్పలనాయుడు అని మీరు చెప్పినా ఆమె ‘అప్పన్నా’ అంటే ఆ ఇంటికి అప్పన్న అనే పేరే సరిపోతుందేమో చూడండి. నారాయణా, రాజూ, నాయుడూ, అప్పన్నా అని చివరి అచ్చును సాగదీసి మేడ మీది నుంచి వీధిలోకి పిలవవచ్చు. సున్నాతో ముగిసే సత్యం, జగన్నాథం, సింహాచలం అలా సాగవు కనుక, వాటికి ఇంట్లో ఒక ముద్దుపేరు పుట్టుకొస్తుంది. ఆ ముద్దుపేరు మీకు నచ్చినదై ఉండేలా ముందే చూసుకోవాలి. సూర్యనారాయణకు సూరి, సూరిబాబు, సూర్యం ఉన్నాయి, సత్యనారాయణకు సత్తిబాబు ఉంది. మీరు ఒకటి అలవాటు చేయకపోతే ఎక్కడిదో చింటూ, బన్నీ వచ్చి కూర్చుంటాయి. నిండు పేరును చిన్నది చేసినంత మాత్రాన దాని గౌరవం తగ్గదు. విశాఖపట్నంలో 1910లో పుట్టిన శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు.

పేరు తోకను కూడా విడిగా పరిశీలించాలి. అప్పల అనే మాటకు రాజు, నాయుడు, స్వామి, రావు వంటివి ఏవి చేరినా మూలం ఒక్కటే, వినేవారికి తోచే అర్థం వేరు. ఉత్తరాంధ్రలో అప్పలరాజు, పైడిరాజు, నూకరాజు అనే పేర్లు అనేక కులాలలో ఉన్నాయని ఇక్కడివారికి తెలుసు. ఇతర జిల్లాలవారు మాత్రం తోకను బట్టి కులం ఊహిస్తారు. అది ఇష్టం లేనివారు సింహాద్రి, నారాయణ, అప్పన్న వంటి తోక లేని పేర్లు ఎంచుకోవడం మేలు.

జన్మనక్షత్రం అక్షరం విషయంలో పట్టింపు ఉన్నవారు దానిని చివరి వడపోతగా వాడుకోవాలి. అశ్వినికి చూ, చే, చో, లా, మఖకు మా, మీ, మూ, మే, అనూరాధకు నా, నీ, నూ, నే అని పాదానికొక అక్షరం చెబుతారు. ఆరుద్ర మూడో పాదానికి వచ్చే ‘ఙ’తో పేరేదీ మొదలు కాదు. అయినా చిక్కు లేదు, జన్మనామం వేరుగా, వ్యవహారనామం వేరుగా ఉంచుకోవడానికి సంప్రదాయంలోనే వీలుంది. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే ప్రాచీన గ్రంథాలైన గృహ్యసూత్రాలు మగబిడ్డ పేరుకు రెండో నాలుగో అక్షరాలు ఉండాలని, గ, జ, ద, బ వంటి నాదాక్షరంతో మొదలై మధ్యలో య, ర, ల, వలలో ఒకటి రావాలని చెప్పాయి. బలరామ, జయరామ ఆ లెక్కకు చక్కగా సరిపోతాయి. అయితే ఈ లెక్క కోసం మనసుకు నచ్చిన పేరును వదులుకోమని నేను చెప్పను.

ఉక్కు కర్మాగారం, నౌకాదళం, ఓడరేవు ఉన్న ఈ నగరంలో బిడ్డ పక్కన హిందీ, ఒడియా, బెంగాలీ, మలయాళం మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. అందుచేత తెలుగు రాని పొరుగువారి చేత పేరు ఒకసారి పలికించండి. నారాయణ, జగన్నాథం ఎక్కడైనా చెల్లుతాయి. అప్పలరాజును మొదటిసారి కొంచెం తడబడుతూ పలుకుతారు, రెండోసారికి అలవాటు పడతారు. ఆ చిన్న ఇబ్బంది పేరు మానుకోవడానికి కారణం కాకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి వైపు తాత సూర్యనారాయణ, తల్లి వైపు తాత అప్పలనాయుడు, మొక్కు ఏదీ లేదు, కోడలు మామగారి పేరు పలకదు. ఇటువంటి ఇంట్లో నేనైతే అప్పన్న అని పెట్టమంటాను. తల్లి వైపు తాత పేరు నిలుస్తుంది, తల్లి నోరారా పిలవగలదు, తోక సమస్య లేదు. మరో మగబిడ్డ పుడితే భాస్కరం ఉండనే ఉంది.

పేరు తేలాక పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాయడం ఒక ఎత్తు, జనన ధ్రువపత్రంలో రాయించడం మరొక ఎత్తు. జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే ఖాళీగా ఉంచి, 12 నెలలలోగా రుసుము లేకుండా, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 సంవత్సరాల వరకు చేర్పించవచ్చు కనుక తొందరపడి నచ్చని పేరు రాయించనవసరం లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు ఆ పత్రమే పుట్టిన తేదీకి ఆధారం, కాబట్టి అందులోని వర్ణక్రమమే జీవితాంతం వెంట వస్తుంది. అప్పలరాజును ఆంగ్లంలో ఒకే మాటగా రాయిస్తారా, రెండుగా రాయిస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండుగా రాస్తే కొన్ని దరఖాస్తులలో రాజు అనేది ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోతుంది. మూర్తి, సత్యం వంటి పేర్లలో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉండాలో లేదో కూడా అప్పుడే నిర్ణయించాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించి, పత్రం చేతికి వచ్చిన వెంటనే ప్రతి అక్షరం సరిచూసుకుని, తప్పుంటే ఆధార్‌కు దరఖాస్తు చేయకముందే దిద్దించుకోవాలి.