తమ్ముడికి సైకోసిస్ వచ్చినప్పుడు: పౌడర్లు, మాత్రలు, మత్తు మీద అనుమానం ఉంటే తోబుట్టువులు చేయవలసినవి

ఎవరో తనను వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, ఎదుట ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం, మాటల్లో పొంతన తప్పడం, రోజుల తరబడి నిద్రపోకుండా తిరగడం వంటి లక్షణాలు కలిసి కనిపించే స్థితిని వైద్యులు సైకోసిస్ అంటారు. జ్వరంలాగే దీని వెనక కూడా అనేక కారణాలు ఉండవచ్చు. ఇరవై ఏళ్ల తమ్ముడికి ఇది మొదటిసారి వచ్చినప్పుడు, అతను జిమ్ కోసం ఏవో పౌడర్లు వాడుతున్నాడనో, హాస్టల్లో గంజాయి తాగుతున్నాడనో బయటపడితే, ఇంట్లో వెంటనే కారణం మీద తగువు మొదలవుతుంది. అమ్మ గాలి సోకిందంటుంది, నాన్న స్నేహితులను తిడతాడు, మేనమామ పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటాడు. కారణం తేలడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. చికిత్స అంతవరకు ఆగనవసరం లేదు. నిద్ర పట్టించడం, ఆందోళన తగ్గించడం, ప్రాణాపాయం లేదని తేల్చుకోవడం అనే మొదటి రోజుల పని, కారణం ఏదైనా పెద్దగా మారదు.

ఈ పరిస్థితిలో తల్లిదండ్రులు చేయలేని పని ఒకటి తోబుట్టువుల చేతిలో ఉంటుంది. అతను ఏం తాగుతున్నాడో, ఏ మాత్ర వేసుకుంటున్నాడో, ఎవరి గదిలో రాత్రుళ్లు గడుపుతున్నాడో సాధారణంగా అక్కకో అన్నకో తెలిసినంతగా ఇంట్లో మరెవరికీ తెలియదు. ఆ సమాచారాన్ని దాచకుండా వైద్యుడి దాకా చేర్చడమే మీరు చేయగల అతి పెద్ద సాయమని నా అభిప్రాయం. ఇక్కడ తమ్ముడు అని రాస్తున్నా, చెల్లెలికైనా అక్కకైనా ఇవే మాటలు వర్తిస్తాయి. ఆడపిల్లల విషయంలో సంబంధాలు చెడిపోతాయన్న భయంతో కుటుంబాలు మరింత ఆలస్యం చేస్తాయి కనుక అక్కడ తొందర ఇంకా అవసరం.

ముందుగా చూడవలసిన ప్రమాదాలు

కొన్ని లక్షణాలు కనిపిస్తే మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేసి, అన్ని విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. ఒళ్లు కాలిపోయే జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, ఫిట్స్, ఛాతీ నొప్పి, తాను ఎక్కడున్నాడో ఈ రోజు ఏ వారమో తెలియకపోవడం, గంటసేపు బాగా మాట్లాడి మళ్లీ అయోమయంలోకి జారిపోవడం అలాంటివి. ఇవి మెదడుకో శరీరానికో నేరుగా దెబ్బ తగులుతోందనడానికి గుర్తులు. ఉమ్మెత్త గింజలు తిన్నవారికి నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, లేని వస్తువులను పట్టుకోబోతున్నట్టు చేతులు ఆడతాయి; బయటికి పిచ్చిలా కనిపించినా అది విషప్రభావం.

మానేసినందువల్ల వచ్చే ప్రమాదాన్ని చాలామంది గుర్తించరు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు హఠాత్తుగా ఆపితే మొదటి రోజు నుంచి నాలుగు రోజుల్లోపు వణుకు, ఫిట్స్, భ్రాంతులు రావచ్చు. తెలంగాణ జిల్లాల్లో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారిది కూడా ఇదే పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. అందువల్ల ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామనే ఆలోచన ప్రాణం మీదికి తెస్తుంది.

చచ్చిపోవాలని ఉందా, ఎవరినైనా కొట్టమనో చంపమనో గొంతులు చెబుతున్నాయా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. జవాబు అవునైనా, మౌనమైనా అతన్ని ఒంటరిగా వదలకండి. కత్తులు, పురుగుమందు డబ్బాలు, మాత్రల సీసాలు, బండి తాళాలు అందకుండా తీసేయండి, మేడ మీదికి వెళ్లే తలుపుకు తాళం వేయండి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది.

ఏమేం వాడాడో రాసిపెట్టడం

ఒక నోటు పుస్తకం తీసుకుని గడిచిన మూడు నెలల కథను తేదీల వారీగా రాయండి. నిద్ర ఎప్పుడు తగ్గింది, మొదటి వింత మాట ఎప్పుడు విన్నారు, ఏ పౌడరు ఎప్పుడు మొదలుపెట్టాడు, గంజాయి ఎంత తరచుగా తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అనేవి అందులో ఉండాలి. వీటి వరుసే వైద్యుడికి అన్నిటికన్నా ఉపయోగపడుతుంది. గంజాయి మొదలుపెట్టక ముందే ఆరు నెలలుగా చదువు వదిలేసి గదిలో ముడుచుకుపోయాడంటే ఒక అర్థం. బాగా ఉన్న కుర్రాడు కొత్త పౌడరు మొదలుపెట్టి నాలుగు రాత్రులు నిద్రపోకుండా ఉండి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే ఇంకో అర్థం.

డబ్బాలను కోపంతో చెత్తలో పారేయకండి. లేబుళ్ల ఫొటోలు తీసి, డబ్బాలను సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రొటీన్ పౌడరుకే సైకోసిస్ వస్తుందని భయపడనవసరం లేదు; పాల నుంచి తీసిన సాదా ప్రొటీన్ అలాంటి పని చేయదు. వ్యాయామానికి ముందు వేసుకునే పొడుల్లో ఒక్క చెంచాలోనే 200 నుంచి 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజంతటికీ సురక్షితమని చెప్పే పరిమితే 400. వాటికి యోహింబిన్ వంటి ఉత్ప్రేరకాలు తోడై, నిద్ర చెడి, పక్కన గంజాయి కూడా ఉంటే మెదడు మీద భారం ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. బరువు తగ్గించే మాత్రల పేరుతో అమ్మేవాటిలో లేబుల్ మీద రాయని సిబుట్రమిన్ కలిపి పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి. ఆ మందును భారతదేశంలో 2011లోనే నిషేధించారు. కండల కోసం ట్రైనర్ ఇప్పించే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడుతున్నప్పుడు ఉద్రేకాన్ని, భ్రమలను తేగలవు, ఆపిన తర్వాత తీవ్రమైన దిగులును తేగలవు.

మూలికలు కనుక హాని ఉండదనే నమ్మకం కూడా సరికాదు. అశ్వగంధ వల్ల కొందరిలో థైరాయిడ్ హార్మోన్ పెరిగినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. ఆ హార్మోన్ మరీ ఎక్కువైతే మనసూ చెదరవచ్చు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. ఆన్‌లైన్‌లో సప్లిమెంటుగా దొరికే ఫైవ్‌ హెచ్‌టీపీని డిప్రెషన్ మాత్రలతో కలిపి వాడితే జ్వరం, వణుకు, అయోమయం వచ్చే ప్రమాదకరమైన స్థితి ఏర్పడవచ్చు. పరీక్షల ముందు మెలకువ కోసం వేసుకునే మోడాఫినిల్, మోతాదు మించి తాగే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గు సిరప్, కీళ్ల నొప్పులకనో ఆయాసానికనో ఊళ్లో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కూడా జాబితాలో ఉండాలి. ప్రెడ్నిసొలోన్ మోతాదు పెరిగేకొద్దీ మానసిక లక్షణాలు వచ్చే అవకాశం పెరుగుతుంది, అయినా దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. నిద్రమాత్రలకూ ఇదే నియమం.

సిగరెట్ల లెక్క కూడా రాయండి. పొగ వల్ల సైకోసిస్‌కు ఇచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ మందులు శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతాయి. ఆసుపత్రిలో సిగరెట్ మానగానే అదే మోతాదు ఎక్కువై మత్తు పెరగవచ్చు.

మూత్ర పరీక్షలో ఏమీ రాలేదంటే ఏమీ వాడలేదని అర్థం చేసుకోకండి. రోజూ గంజాయి తాగేవారిలో వారాల తరబడి, అప్పుడప్పుడు తాగేవారిలో కొద్ది రోజులు మాత్రమే ఆనవాలు దొరుకుతుంది. మెథాంఫెటమిన్ వంటివి రెండు మూడు రోజుల్లో మాయమవుతాయి. ఎల్‌ఎస్‌డీ, కృత్రిమ గంజాయి మామూలు కిట్లకు దొరకవు. అందుకే మీ నోటు పుస్తకం ఆ పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. మిగిలిన గంజాయినో మరో నిషేధిత పదార్థాన్నో నమూనాగా జేబులో పెట్టుకుని వెళ్లకండి, దగ్గర ఉంచుకోవడమే నేరం; మాటల్లో వివరిస్తే చాలు. మత్తుకు అలవాటుపడినవారు ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలో ఉంది.

తమ్ముడు మిమ్మల్ని నమ్మి చెప్పిన రహస్యాన్ని ఏం చేయాలనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. వైద్యుడికి పూర్తిగా చెప్పండి. అమ్మానాన్నలకు అతని భద్రతకు కావలసినంత చెప్పండి. ఎవరి గదిలో, ఎన్నిసార్లు, ఎవరితో అనే వివరాలన్నీ ఆ రోజే చెప్పి ఇంట్లో మరో యుద్ధం తేవలసిన పనిలేదు.

అతనితో మాట్లాడే తీరు

ఫోన్‌లో ఎవరో వింటున్నారని అతను అన్నప్పుడు, అదంతా నీ భ్రమ అని వాదిస్తే అతని అనుమానితుల్లో మీరూ చేరతారు. అవునవునని తల ఊపితే రేపు ఆసుపత్రికి రమ్మన్నప్పుడు మీ మాటకు విలువ ఉండదు. "నాకు ఆ గొంతు వినిపించడం లేదు రా, నీకు వినిపిస్తోందని మాత్రం నమ్ముతున్నాను, ఇన్ని రాత్రులు నిద్ర లేకుండా ఎలా తట్టుకుంటున్నావో" అని ఒక అక్క అనగలదు. భయం, నిద్రలేమి, అలసట ఇద్దరూ ఒప్పుకోగల విషయాలు. నీకు పిచ్చి పట్టింది, పద అంటే రానివాడు, నిద్ర పట్టడానికి ఏదైనా ఇస్తారేమో అడుగుదాం అంటే చాలాసార్లు వస్తాడు. గదిలో ఒకరే మాట్లాడాలి, టీవీ ఆపాలి, చుట్టాలను పంపేయాలి, తలుపుకు అడ్డంగా నిలబడకూడదు. గంజాయి గురించిన ఉపదేశం ఈ వారంలో ఎవరూ చేయవద్దు.

అన్నంలో మాత్ర కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలే. తెలిసిన రోజున, తనకు విషం పెడుతున్నారన్న అతని భ్రమకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది, తిండి కూడా మానేస్తాడు. మందు వేసుకోవడం లేదని వైద్యుడికి చెబితే నోట్లో కరిగే మాత్ర, ద్రవరూపం, నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ వంటి దారులు ఉన్నాయి. తాయెత్తు కట్టించడానికో గుడికో దర్గాకో వెళ్లడానికో పెద్దలు పట్టుబడితే గొడవ పడకుండా, మందుతో పాటే అదీ జరగనివ్వవచ్చు. కొట్టడం, పొగబెట్టడం, గొలుసులతో కట్టడం మాత్రం ఒప్పుకోవద్దు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా సమీపంలోని ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదని నిషేధించింది.

ఆసుపత్రిలో

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలతో పాటు, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. మత్తు మాన్పిస్తామని వ్యాను తెచ్చి బలవంతంగా ఎత్తుకెళ్లే ప్రైవేటు కేంద్రాలను నమ్మకండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ వద్ద నమోదైందా, మానసిక వైద్యుడు రోజూ వస్తాడా, మీరు ఎప్పుడైనా వెళ్లి చూడవచ్చా అని అడగండి.

అతను ఒప్పుకోకపోయినా, తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉంటే, ఇద్దరు వైద్య నిపుణులు విడివిడిగా పరీక్షించిన మీదట, నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స విషయంలో రోగి తరఫున నిలబడే వ్యక్తి) దరఖాస్తుపై అదే 2017 చట్టంలోని 89వ సెక్షన్ కింద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అతను ఎవరినీ ముందుగా నియమించుకోకపోతే రక్తసంబంధీకులుగా మీరు ఆ ప్రతినిధి కావచ్చు. అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు.

థైరాయిడ్, చక్కెర, సోడియం, కాలేయం, బీ12 పరీక్షలు చేశారా అని మర్యాదగా అడగండి. ఫిట్స్ గానీ, నోటి కండరాల వింత కదలికలు గానీ తోడైతే, ముఖ్యంగా యువతుల్లో, మెదడు వాపు అవకాశాన్ని కూడా చూడవలసి ఉంటుంది. హాలోపెరిడాల్ వంటి సైకోసిస్ మందు మొదలుపెట్టిన రోజుల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోయినా, కళ్లు పైకి నిలిచిపోయినా భయపడి మందే మాన్పించకండి, వెంటనే చెబితే ఒక ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది. మందు వాడుతుండగా జ్వరంతో ఒళ్లు బిగుసుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి.

తమ్ముడు అమెరికాలో చదువుతూ ఉంటే, గోప్యత నియమాల వల్ల అక్కడి వైద్యులు మీకు ఏమీ చెప్పకపోవచ్చు. మీరు చెప్పేది వినడానికి ఆ నియమాలు అడ్డు కావు, కనుక నోటు పుస్తకంలోని వివరాలు వారికి చేరవేయండి. అక్కడ అత్యవసర మానసిక సహాయానికి 988 నంబరు ఉంది.

ఇంటికి వచ్చాక

మత్తు పూర్తిగా మానిన తర్వాత నెల దాటినా లక్షణాలు మిగిలితే, అది కేవలం మత్తు వల్ల వచ్చినది కాకపోవచ్చని వైద్యులు ఆలోచిస్తారు. నెలలోపు పూర్తిగా తగ్గినా కథ ముగిసిందనుకోలేము. గంజాయితో ముడిపడిన సైకోసిస్ వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి తర్వాతి సంవత్సరాల్లో స్కిజోఫ్రీనియా అనే దీర్ఘకాలిక మానసిక జబ్బు నిర్ధారణ అవుతున్నట్టు పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఈ మాటను అతన్ని బెదిరించడానికి వాడవద్దు. బాగానే ఉన్నాడు కదా అని మూడో వారంలోనే మాత్రలు ఆపించే పెద్దలకు చెప్పండి. మందు ఎప్పుడు తగ్గించాలో వైద్యుడే చెప్పాలి. మళ్లీ రావడానికి ఎక్కువగా దారితీసేవి మందు ఆపడం, గంజాయి మళ్లీ మొదలుపెట్టడం. మానడానికి సాయం కావాలంటే 14446 జాతీయ సహాయవాణి ఉంది.

సొంత అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఈ జబ్బుల అవకాశం ఇతరుల కంటే కొంత ఎక్కువ కనుక, మీరు కూడా గంజాయి తాగుతుంటే అది మీకు సంబంధించిన విషయం కూడా. రాత్రి కాపలాను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులుగా పంచుకోండి.

అతను స్థిమితపడ్డాక ఒక మధ్యాహ్నం కూర్చుని, మళ్లీ ఇలా వస్తే ఏ గుర్తులు ముందుగా కనిపిస్తాయో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఏ మందు పడలేదో, ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చెప్పకూడదో అతని చేతే రాయించండి. చట్టం ప్రకారం దీన్ని ముందస్తు ఆదేశంగా నమోదు చేసుకోవచ్చు, ప్రతినిధిగా ఎవరు ఉండాలో కూడా అతనే అందులో రాసుకోవచ్చు. అతను మిమ్మల్ని కాకుండా స్నేహితుణ్ని ఎంచుకుంటే నొచ్చుకోకుండా ఒక నకలు ఆ స్నేహితుడికి, ఒకటి వైద్యుడికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.