సొంత హెచ్‌ఐవీ పరీక్ష: కిట్టు మీది గీత చెప్పేది ఎప్పుడు నమ్మకూడదు

ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ తీరంలోని మన తెలుగు పల్లెల్లో, బరంపురం హిజ్రాల ఇళ్లలో కిట్లు పంచే తోటివాళ్ల కోసం ఇది. కిట్టు వాడడం మీకు తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నాను.

సమస్య: సీ దగ్గర గీత రాలేదు.
సీ గీత కిట్టు పనిచేసిందని చెబుతుంది, టీ గీత హెచ్‌ఐవీ ఉండవచ్చని చెబుతుంది. సీ లేకపోతే పరీక్ష చెల్లదు. టీ దగ్గర గీత ఉన్నా చెల్లదు. కొత్త కిట్టు ఇవ్వండి.

సమస్య: రాత్రి ఒక గీత, తెల్లవారేసరికి రెండు.
చిగుళ్ల తడితో చేసే కిట్టును 20 నుంచి 40 నిమిషాల లోపే చూడాలి. ఆ తరవాత కనిపించేది లెక్కలోకి రాదు, మళ్లీ చేయించండి.

సమస్య: సమయానికే రెండు గీతలు, ఒకటి మసక.
మసకైనా గీతే. అయితే తుది మాట ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) చేసే రక్తపరీక్షలదే. చిరునామా చెప్పి పంపేయకండి, వెంట వెళ్లండి.

సమస్య: నెగటివ్ వచ్చింది, కాని అనుమానం తీరలేదు.
ముందు తేదీ అడగండి. కలయిక జరిగి 3 నెలలు కాకపోతే ఆ నెగటివ్‌ను నమ్మలేం. 72 గంటలు దాటకపోతే కిట్టు పక్కన పెట్టి, నివారణ మందుల కోసం వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక నెగటివ్‌ను నమ్మకూడని మరో కారణం, నన్ను దెబ్బతీసింది. సూరత్ మరమగ్గాల పని నుంచి వచ్చిన ఒక తమ్ముడు, వలలు ఆరేసే చోట ఫోను వెలుగులో పరీక్ష చేసుకున్నాడు. ఒకటే గీత. దాన్ని జేబురుమాలులో చుట్టి తెచ్చి, "తగ్గిపోయిందక్కా" అన్నాడు. ఏం తగ్గింది అని అడిగితే పేరు గీకేసిన మందుల డబ్బా తీశాడు. అవి ఏఆర్‌టీ మాత్రలు, అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టడానికి రోజూ వేసుకునేవి. గీత చూసిన రోజు నుంచే మానేశాడట, అప్పటికి మూడు వారాలు. కిట్టు ఇచ్చింది నేనే. మాత్రల సంగతి అడగలేదు.

కిట్టు వెతికేది వైరస్‌ను కాదు, దాని మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలను. మందులు వైరస్‌ను అణచిపెడితే ఆ యాంటీబాడీలూ తగ్గుతాయి, చిగుళ్ల తడిలో మరీ తగ్గుతాయి. అందుకే వ్యాధి ఉన్నా గీత రాకపోవచ్చు. హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా ప్రెప్ మాత్రలు వాడేవారి ఫలితమూ తారుమారు కావచ్చు.

పొట్లం విప్పకముందే, ఎవరూ వినని చోట, "రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడగండి. జబ్బు పేరు ఎత్తకండి, ఆ పేరు వింటే దాచేస్తారు. ఏఆర్‌టీ అని తేలితే కిట్టు ఇవ్వకండి. వారికి కావలసింది ఏఆర్‌టీ కేంద్రంలో చేసే వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది. మానేసినవారిని ఆలస్యం చేయకుండా అక్కడికే తీసుకెళ్లండి. ఊరు మారినవారు ఇక్కడి కేంద్రానికి మార్పించుకోవచ్చు. ఆ తమ్ముడితో మర్నాడు మొదటి బస్సుకే బరంపురం వెళ్లాను.

గడువు తీరిన కిట్టును, ఎండకు పాడైన కిట్టును నమ్మలేం. డబ్బా మీద తేదీ చూసుకోండి. మీరు దగ్గర లేని వేళ కోసం హెచ్‌ఐవీ సహాయ ఫోను 1097 నంబరు రాసివ్వండి, ఆ ఫోనుకు డబ్బులు పడవు.